హైదరాబాద్ నుంచి వైజాగ్: నాన్నను విమానంలో తీసుకెళ్లాలా, కారులోనా?

మియాపూర్_వాసి:
నాన్నకు 72 ఏళ్లు. ఎడమ మోకాలికి ఆపరేషన్ అయి మూడు నెలలైంది. వచ్చే నెల గాజువాకలో మేనకోడలి పెళ్లి. రోడ్డు మీద 620 కిలోమీటర్ల దాకా ఉంది, విమానంలో గంటంపావే అంటున్నారు. గడప దాటిన దగ్గర్నుంచి అసలు ఎంతసేపు పడుతుందో, వెళ్లొచ్చినవాళ్లు చెప్పండి. చాలా టెన్షన్‌గా ఉంది.

గాజువాక_ఆడపడుచు:
ఆ గంటంపావును నమ్ముకోకండి. పోయిన నెల అమ్మను తీసుకొచ్చాను. కూకట్‌పల్లిలో పొద్దున ఆరున్నరకు క్యాబ్ ఎక్కితే, ఔటర్ రింగు రోడ్డు మీదుగా శంషాబాద్ ఎయిర్‌పోర్టుకు గంటా పది నిమిషాలు. విమానం పదింటికి. బ్యాగులు తీసుకుని ఇంటికి చేరేసరికి పన్నెండు దాటింది. మొత్తం ఐదున్నర గంటలు. వైజాగ్ ఎయిర్‌పోర్టు గాజువాక వైపే, ఎన్‌ఏడీ జంక్షన్ దగ్గరే కాబట్టి మాకు కలిసొచ్చింది. అదే ఊరికి అటువైపున్న మధురవాడ అయితే ఇంకాసేపు పట్టేది. వీల్‌చైర్ మాత్రం టికెట్ తీసుకునేటప్పుడే అడగండి, డబ్బులు తీసుకోరు. శంషాబాద్‌లో గేటు దాకా నడక చాలా ఉంటుంది.

హైవే_బాటసారి:
నేను ఏటా నాలుగైదుసార్లు కారులోనే వెళ్తాను. మియాపూర్‌లో తెల్లవారుజామున నాలుగింటికి బయల్దేరి, పెద్ద అంబర్‌పేట దగ్గర ఔటర్ దిగితే, సూర్యాపేటలో టిఫిన్ చేసి తొమ్మిదికి విజయవాడ. ఏలూరు దాటాక గుండుగొలను దగ్గర దారి రెండుగా చీలుతుంది. తణుకు, రావులపాలెం వైపు పోకండి. దేవరపల్లి మీదుగా కొవ్వూరు వెళ్లి గోదావరి మీది గామన్ బ్రిడ్జి ఎక్కితే నేరుగా రాజమండ్రి పక్కన దివాన్‌చెరువులో తేలతారు, మధ్యలో ఊళ్లు తక్కువ. అన్నవరం ప్రసాదం తీసుకుని, గాజువాక చేరేసరికి సాయంత్రం నాలుగు. అంటే పన్నెండు గంటలు. సంక్రాంతి రోజుల్లో అయితే ఈ లెక్క పనికిరాదు, పంతంగి టోల్ దగ్గరే బండ్లు బారులు తీరతాయి.

రైలుబండి:
వందే భారత్ కూడా చూడండి. సికింద్రాబాద్ నుంచి సుమారు ఎనిమిదిన్నర గంటలు. కాకపోతే అన్నీ కూర్చునే సీట్లే, పడుకోవడానికి ఉండదు.

తుని_కోడలు:
మా మావయ్యగారిని ఇలాగే ఆపరేషన్ అయిన రెండు నెలలకు కారులో తీసుకొచ్చాం. త్వరగా చేరాలని బండి ఎక్కడా సరిగ్గా ఆపలేదు. రాజమండ్రి దాటేసరికి కాలు వాచిపోయి, చెప్పు కూడా పట్టలేదు. ఆ రాత్రి ఆయన పడ్డ బాధ చూసి మాకు ఏడుపొచ్చింది. డాక్టర్‌ను అడక్కుండా బయల్దేరడం మా తప్పే. దేంట్లో వెళ్లినా ముందు డాక్టర్‌ను అడగండి. కారులో అయితే గంటకోసారి దించి నాలుగడుగులు వేయించండి. అప్పుడు పన్నెండు కాదు, పద్నాలుగు గంటలని అనుకోండి.

మియాపూర్_వాసి:
అక్కా, మీరు చెప్పింది చదివాక ఇంకేం ఆలోచించలేదు. డాక్టర్‌గారికి ఫోన్ చేశాను, విమానంలో వెళ్లమన్నారు. సామాన్లతో తమ్ముడు ముందురోజు కారులో బయల్దేరతాడు. నాన్న కాలు చాపుకోవాలంటే ఏ సీటు తీసుకోవాలి?

గాజువాక_ఆడపడుచు:
ఎడమ కాలు కదా, డి సీటు తీసుకోండి. నడిచే దారి ఆయనకు ఎడమవైపు వస్తుంది. ఎగ్జిట్ వరుసలో జాగా ఎక్కువే కానీ వీల్‌చైర్ అడిగినవాళ్లకు అక్కడ ఇవ్వరు. ట్రాలీ వచ్చినప్పుడు కాలు లోపలికి తీసుకోమని గుర్తుచేయండి.