బానిసల సంతతికి వంశమూలం జన్యుపరీక్షలో దొరుకుతుందా, దస్తావేజులలోనా?

చర్చ ప్రారంభించిన సభ్యుడు:
ఆఫ్రికన్ అమెరికన్లు తమ పూర్వీకులను వెతుక్కుంటూ వెళితే 1870 జనాభా లెక్కల దగ్గర దారి మూసుకుపోతుంది. బానిసత్వం నుంచి విడుదలైనవారు ఇంటిపేరుతో సహా దేశవ్యాప్తంగా నమోదైనది మొదటిసారి ఆ లెక్కలలోనే. ఇంటిపేరు చెబితే ఊరు తెలిసిపోయే మనకు ఆ లోటు ఊహకు అందదు. కాగితం మనుషులుగా చూడని వారికి జన్యుపరీక్ష ఒక్కటే దిక్కని నా అభిప్రాయం.

రెండవ సభ్యురాలు:
లోటు నిజమే. 1850, 1860లలో బానిసలను విడిగా లెక్కించిన పట్టిక తెరిచి చూస్తే యజమాని పేరు పూర్తిగా ఉంటుంది. దాని కింద సాధారణంగా వయసు, లింగం, ఒంటిరంగు మాత్రమే ఉంటాయి. ఒక వరుసలో ఉన్న స్త్రీకీ, కింది వరుసలో ఉన్న పసిబిడ్డకూ ఏమవుతుందో ఆ కాగితం చెప్పదు. అయితే జన్యుపరీక్ష కూడా ఆ బిడ్డ పేరు చెప్పలేదు. తల్లి వంశాన్ని చూసే పరీక్ష తల్లి, అమ్మమ్మ, ఆమె తల్లి అంటూ ఒకే పోగు పట్టుకుని వెళుతుంది గనుక, పదో తరంలో లెక్కకు వచ్చే 1024 మందిలో అది చెప్పేది ఒక్కరి గురించే. ‘నైజీరియా’ అని జవాబు వచ్చినా అది ఈనాటి మనుషుల నమూనాలతో పోల్చి చెప్పినది. ఆ పూర్వీకులను బానిసలుగా ఓడ ఎక్కించిన నాటికి ఆ పేరుతో దేశమే లేదు.

1838లో మేరీలాండ్‌లోని జెసూట్ అనే కాథలిక్ సంఘపు మతగురువులు, ఈనాడు విశ్వవిద్యాలయమైన జార్జ్‌టౌన్ కళాశాల అప్పులు తీర్చడానికి తమ బానిసలైన 272 మందిని లూసియానా తోటల యజమానులకు అమ్మారు. ఆ ఒప్పందంలో మొదటి పేరు ఐజాక్, వయసు 65. అమ్మినవారు పేర్లు రాసుకున్నారు గనుకనే వారసులు ఇన్నేళ్లకు తమవారిని గుర్తించగలిగారు. అమ్మకం నడిపిన మతగురువు పేరు ఒకప్పుడు మోసిన భవనానికి 2017లో విశ్వవిద్యాలయం ఆ ఐజాక్ హాకిన్స్ పేరే పెట్టింది. మనిషిని సరుకుగా రాసిన కాగితమే మనవలకు ఆధారమైందని చెప్పడం నాకు బాధగానే ఉంది.

చర్చ ప్రారంభించిన సభ్యుడు:
అందరు యజమానులూ అలా దస్తావేజులు దాచలేదు. అమ్మకాలలో చెదిరిపోయిన తోబుట్టువుల సంతానం ఈనాడు జన్యుసామ్యంతోనే ఒకరినొకరు కనుక్కుంటున్నారు. దాన్ని కూడా తక్కువ చేస్తారా?

రెండవ సభ్యురాలు:
చేయను. దేశం పేరు చెప్పే పరీక్ష వేరు, బంధువును చూపే పరీక్ష వేరు. రెండవదానిని నేను మనసారా ఒప్పుకుంటాను. కానీ బంధువు దొరికాక కూడా చర్చి బాప్తిస్మ రిజిస్టరు, విడుదలైన బానిసల సాయానికి 1865లో ఏర్పడిన ప్రభుత్వ సంస్థ ఫ్రీడ్‌మెన్స్ బ్యూరో నమోదు చేసిన పెళ్లిళ్లు, కూలి ఒప్పందాలు పక్కపక్కన పెట్టి చదివితే గాని ఇద్దరినీ కలిపే పూర్వీకురాలు ఎవరో తేలదు. యజమానుల వారసుల ఇళ్లలో ఇంకా మిగిలిన తోటల లెక్కల పుస్తకాలను బయట పెట్టాలని నేను పట్టుబట్టేది అందుకే.