ఎంటీ7621 రౌటర్‌కి ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ: 5 గిగాహెర్ట్జ్ రావడం లేదు, ప్యాచ్ పంపాక బాధ్యత ఎవరిది?

కూకట్‌పల్లి_నెట్:
అందరికీ నమస్తే. ఫైబర్ కనెక్షన్ మార్చాక పాత రౌటర్ ఇంట్లో ఉండిపోయింది. చిప్ మీడియాటెక్ ఎంటీ7621, ర్యామ్ 128 ఎంబీ, ఫ్లాష్ 16 ఎంబీ. ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ (కంపెనీ సాఫ్ట్‌వేర్ బదులు రౌటర్‌లో వేసుకునే ఓపెన్ సోర్స్ లైనక్స్ ఫర్మ్‌వేర్) లిస్టులో ఈ మోడల్ లేదు. కోఠిలో యూఎస్‌బీ-టీటీఎల్ అడాప్టర్ కొని సీరియల్ కన్సోల్ (రౌటర్ బూట్ సందేశాలు కంప్యూటర్‌లో చూసే దారి) తెచ్చుకున్నాను. దీనికి దగ్గరగా ఉన్న బోర్డు డీటీఎస్ (బోర్డులో ఏ భాగం ఎక్కడుందో కెర్నల్‌కి చెప్పే ఫైలు) తీసుకుని మార్చి, టీఎఫ్‌టీపీతో నెట్‌వర్క్ మీదుగా ఇనిట్‌రామ్‌ఎఫ్ఎస్ (ఫ్లాష్‌లో రాయకుండా ర్యామ్‌లోంచే నడిచే ఇమేజ్) బూట్ చేశాను. ల్యాన్ పోర్టులు, 2.4 వైఫై బాగున్నాయి. 5 గిగాహెర్ట్జ్ అసలు కనిపించడం లేదు. ఫ్లాష్‌లో ఇంకా ఏమీ రాయలేదు. ఇంకో సందేహం, ఈ మోడల్‌కి సపోర్ట్ చేర్చే ప్యాచ్ (కోడ్ మార్పు) ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీకి పంపితే ఆ తర్వాత కూడా నేనే చూసుకోవాలా?

సీరియల్_పిన్:
ఫ్లాష్ ముట్టుకోకపోవడం చాలా మంచి పని. ముందుగా ఇనిట్‌రామ్‌ఎఫ్ఎస్‌లోంచే పార్టిషన్లన్నీ కంప్యూటర్‌లోకి కాపీ చేసుకోండి. అన్నిటికంటే ముఖ్యం ఫ్యాక్టరీ పార్టిషన్. వైఫై కాలిబ్రేషన్ (రేడియో సర్దుబాటు కొలతలు), మ్యాక్ అడ్రసులు అందులోనే ఉంటాయి. కాలిబ్రేషన్ ఏ పెట్టెకి ఆ పెట్టెకే కొలిచి రాస్తారు, పోతే అదే మోడల్ ఇంకొకటి తెచ్చినా దొరకదు.

ఇక 5 గిగాహెర్ట్జ్ సంగతి. బూట్ లాగ్‌లో 14సి3:7615 (5 గిగాహెర్ట్జ్ వైఫై చిప్ ఎంటీ7615 గుర్తింపు సంఖ్య) అనే లైన్ ఉందా చూడండి. లేకపోతే డీటీఎస్‌లో పీసీఐఈ (ఆ వైఫై చిప్‌ని కలిపే లింకు) నోడ్ ఆన్ చేయలేదన్నమాట, లేదా రీసెట్ పిన్ తప్పు. లైన్ ఉండి కూడా రేడియో రాకపోతే ఇమేజ్‌లో ఎంటీ7615 డ్రైవర్, దాని ఫర్మ్‌వేర్ ప్యాకేజీ చేర్చారో లేదో చూడండి. కాలిబ్రేషన్ ఆఫ్‌సెట్ కూడా సరిచూడండి. ఇలాంటి బోర్డుల్లో మామూలుగా 2.4ది ఫ్యాక్టరీ మొదట్లో, 5ది హెక్స్ 8000 దగ్గర ఉంటుంది.

మీ రెండో ప్రశ్నే నాకు ముఖ్యం. చట్టం ప్రకారం మీమీద ఏ బాధ్యతా లేదు. కానీ ప్యాచ్ చేరినంత మాత్రాన సపోర్ట్ నిలబడదు. ఏఆర్71ఎక్స్ఎక్స్ టార్గెట్‌కి (పాత ఎథెరోస్ చిప్‌ల రౌటర్ల విభాగం) ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ 19.07 చివరి రిలీజ్. దాని స్థానంలో వచ్చిన ఏటీహెచ్79కి మారేటప్పుడు ఒక్కో బోర్డు సీ ఫైలునీ డీటీఎస్‌గా మళ్లీ రాయాల్సి వచ్చింది. చేతిలో పెట్టె ఉండి టెస్ట్ చేసేవాళ్లు లేని బోర్డులు వెనకే ఉండిపోయాయి. 21.02లో మీ ఎంటీ7621 డీఎస్‌ఏకి (స్విచ్‌లోని ఒక్కో పోర్టునూ లైనక్స్ విడిగా చూసే కొత్త పద్ధతి) మారింది, పాత స్విచ్ సెట్టింగులు పనికిరాకుండా పోయాయి. 24.10 వచ్చేసరికి కెర్నల్ 6.6. ఇలా కెర్నల్ మారినప్పుడల్లా ఆ పెట్టెను నిజంగా బూట్ చేసి చూసే మనిషి ఒకరు కావాలి. నేను ఒక పాత బోర్డుకి ఆ పనే చేస్తున్నాను. రిలీజ్ క్యాండిడేట్ (రిలీజ్‌కి ముందు పరీక్షకు వదిలే వెర్షన్) రాగానే ఎక్కించి, పోర్టులు, ఎల్‌ఈడీలు, రెండు రేడియోలు, సిస్‌అప్‌గ్రేడ్ (కొత్త వెర్షన్‌కి మార్చే కమాండ్) చూస్తాను. ఒక సాయంత్రం పని. దానివల్ల ఎక్కడో ఆ రౌటరే వాడుతున్న ఇంటికి సెక్యూరిటీ అప్‌డేట్లు అందుతాయి. అందుకే ఆ రౌటర్‌ను పారేయకండి, ఎవరికీ ఇచ్చేయకండి.

వెర్షన్_చూడు:
ఒక్క మాట. డబ్బా మీద పేరు చూసి ప్యాచ్ రాయొద్దు, వెనక స్టిక్కర్‌పై హార్డ్‌వేర్ వెర్షన్ చూసి రాయండి. ఆర్చర్ సీ6 వీ2లో క్వాల్‌కామ్ చిప్, వీ3లో ఎంటీ7621. పేరు మాత్రం ఒకటే.

కూకట్‌పల్లి_నెట్:
సీరియల్_పిన్ గారూ, చాలా థ్యాంక్స్! 7615 లైన్ ఉంది, ఫర్మ్‌వేర్ ప్యాకేజీయే చేర్చలేదు. ఇప్పుడు 5 వస్తోంది. రౌటర్ నా దగ్గరే ఉంచుతాను. కమిట్ మెసేజ్‌లో (ప్యాచ్‌తో పాటు వెళ్లే వివరణ) ఏమేం రాయాలి?

సీరియల్_పిన్:
సంతోషం! చిప్, ర్యామ్, ఫ్లాష్, సీరియల్ పిన్ల వరుస, బాడ్ రేటు (సీరియల్ వేగం), ఇన్‌స్టాల్ పద్ధతి, పాత ఫర్మ్‌వేర్‌కి తిరిగి వెళ్లే దారి, ఏ మ్యాక్ అడ్రస్ ఎక్కడి నుంచి వస్తుందో. చివర సైన్డ్-ఆఫ్-బై లైన్ (ఈ కోడ్ పంపే హక్కు నాకుందని మీ పేరుతో చెప్పే లైన్). సీరియల్‌కి 3.3 వోల్టుల అడాప్టరే వాడాలని, వీసీసీ (కరెంటు) పిన్ కలపొద్దని తప్పకుండా రాయండి. పంపే ముందు డీటీఎస్ ఇక్కడ పెట్టండి, చదివి చెబుతాను.