థాంక్స్‌గివింగ్ భోజనం: పైలు, తీపి పదార్థాల ఏర్పాట్లు

మిఠాయిల బల్ల బాధ్యురాలు:

అందరికీ నమస్కారం. డాలస్ పరిసరాల్లోని మన సంఘం కుటుంబాలు కలిసి చేసుకునే థాంక్స్‌గివింగ్ భోజనం 2026 నవంబరు 21, శనివారం మధ్యాహ్నం జరుగుతుంది. అసలు పండుగ ఆ తరువాతి గురువారం, అంటే 26వ తేదీన వస్తుంది. ఆ నాలుగు రోజుల సెలవుల్లో సగం మంది ఊళ్లు వెళతారు కనుక ముందు శనివారమే పెట్టుకున్నాము. వంటకాల సంగతి భోజన కమిటీ వారు చూసుకుంటున్నారు. ఇక్కడ పైలు (పిండి పొరలో తీపి గుజ్జు నింపి ఓవెన్‌లో కాల్చే అమెరికన్ వంటకాలు), తక్కిన తీపి పదార్థాల గురించి మాత్రమే రాయవలసిందిగా కోరుతున్నాను.

ఈ ఏడాది అధికమాసం రావడంతో దీపావళి నవంబరు 8న పడింది. కాబట్టి మన భోజనం నాటికి కార్తీక మాసం నడుస్తూ ఉంటుంది. మామూలు రోజుల్లో కేకులో గుడ్డు ఉన్నా పట్టించుకోని వారు కూడా ఈ నెలలో దాన్ని ముట్టరు. బల్ల చివర ఒక మూలన రెండు పైలు పెట్టి, వాటి మీద ‘గుడ్డు లేనివి’ అని రాసి చేతులు దులుపుకునే పద్ధతి ఈసారి పనికిరాదు. గుడ్డు లేని పైలే బల్ల మీద ఎక్కువ ఉండాలని, అవి మొక్కుబడి సరుకులా కాకుండా అడిగి రెండో ముక్క వేయించుకునేలా ఉండాలని నా ప్రతిపాదన. అయితే ఇరుగుపొరుగు అమెరికన్ కుటుంబాలను కూడా పిలిచాము. ఏటా తమ ఇంట తినే రుచి వారికి మన దగ్గర కూడా దొరకాలి కనుక, గుడ్డుతో చేసిన పంప్‌కిన్ (గుమ్మడి) పై, పికాన్ (అక్రోటు లాంటి గింజ) పై కొన్ని తప్పక ఉంటాయి.

లెక్క సులువే. భోజనానికి 150 మంది వరకు వస్తారని అనుకుంటున్నాము. తొమ్మిది అంగుళాల పైని ఎనిమిది ముక్కలు చేస్తాము కనుక 20 పైలకు 160 ముక్కలు వస్తాయి. పులిహోర, గారెలు, టర్కీ అన్నీ తిన్న తరువాత ఒక్కొక్కరికి ఒక ముక్క చాలు. రెండో ముక్క కోరే వారికి, తినని పిల్లల వాటా సరిపోతుంది. రకాలు మాత్రం పెంచవద్దని గట్టిగా చెబుతున్నాను. పంప్‌కిన్, యాపిల్, పికాన్, చిలగడదుంప అనే నాలుగు రకాలు చాలు. రకానికి ఒకటి చొప్పున ఇరవై రకాలు వస్తే ఏది ఎవరు తినవచ్చో బల్ల దగ్గర నిలబడి చెప్పడం ఎవరి తరమూ కాదు.

ప్రతి పళ్లెం పక్కన ఒక అట్టముక్క ఉంటుంది. ఇండియాలో ప్యాకెట్ల మీద కనిపించే పచ్చ చుక్కలాగే, గుడ్డు లేని వాటికి పచ్చ అట్ట, ఉన్న వాటికి ఎర్ర అట్ట పెడతాము. పాలు, గోధుమ, గింజలు, నువ్వులు ఉన్నాయో లేదో కింద రాయాలి. పచ్చ అట్ట పెట్టే ముందు మీరు కొన్న ప్రతి వస్తువు వెనుక చీటీ చదవండి. దుకాణంలో కొనే పై క్రస్టుల్లో, అంటే గుజ్జు నింపే పిండి పొరల్లో, కొన్నింటిలో లార్డ్, అనగా పంది కొవ్వు ఉంటుంది. చిలగడదుంప మీద పరిచే మార్ష్‌మాలోలు (దూదిలాంటి మెత్తని మిఠాయిలు) మామూలుగా జెలటిన్‌తో చేస్తారు, అది జంతువుల ఎముకల నుంచీ చర్మం నుంచీ తీసేది. గుడ్డు లేదు కదా అని వాటిని పచ్చ అట్ట వెనుక పెడితే శాకాహారులను మోసగించినట్టే అవుతుంది.

హాలు ఏర్పాట్ల బాధ్యుడు:

నమస్కారం. హాలులో వంట చేయడానికి అనుమతి లేదు. ఒక ఓవెన్ ఉన్నా దాన్ని ఆహారం వెచ్చబెట్టడానికి మాత్రమే వాడుకోవచ్చు, అది కూడా టర్కీ ట్రేలకే సరిపోతుంది. ఫ్రిజ్ పెద్దదే కానీ సగం అరలు పెరుగుకు, చట్నీలకు పోతాయి. కాబట్టి పైలన్నీ ఇంట్లోనే పూర్తిగా కాల్చి, చల్లార్చి తీసుకురావాలి. గుడ్డు, పాలు ఉన్న పైలను బయట రెండు గంటలకు మించి ఉంచరాదు గనుక వాటికి ఫ్రిజ్‌లో మూడు అరలు కేటాయించాను. యాపిల్ పైలకు ఆ ఇబ్బంది లేదు, అవి గది వేడిలో రెండు రోజుల వరకు నిలుస్తాయి కనుక బల్ల మీదే ఉండవచ్చు. మరొక విన్నపం. పైని కారు సీటు మీద పెట్టి తేవద్దు. సీటు వెనక్కి వాలి ఉంటుంది, పై ఒక పక్కకు జారుతుంది. డిక్కీలో చదునైన ట్రే మీద పెట్టి, కింద తడిబట్ట పరిస్తే కదలదు.

కొత్త సభ్యురాలు, ఫ్రిస్కో:

నమస్కారమండీ. మేము గుడ్డు లేని పంప్‌కిన్ పైలు రెండు చేయగలము. ఇంట్లో ముందుగా ఒకటి చేసి చూస్తే పైపొర బాగానే వచ్చింది కానీ కోసేసరికి లోపల పాయసంలా జారిపోయింది, కింది క్రస్టు మెత్తబడింది. దాన్ని గట్టిగా నిలబెట్టే ఉపాయం తెలిసిన వారు దయచేసి చెప్పగలరు. అలాగే టిన్ను వాడాలా, ఇండియన్ దుకాణంలో దొరికే గుమ్మడికాయ వాడవచ్చా?

మిఠాయిల బల్ల బాధ్యురాలు:

మంచి ప్రశ్న వేశారు. మామూలు పంప్‌కిన్ పైని నిలబెట్టేది గుడ్డు. అది ఓవెన్‌లో మెల్లగా గడ్డకట్టి పాలను, గుమ్మడి గుజ్జును పట్టి ఉంచుతుంది. గుడ్డు తీసేసినప్పుడు ఆ పని మొక్కజొన్న పిండి, అంటే కార్న్‌స్టార్చ్ చేయాలి. అయితే అది ఉడికి చిక్కబడాలంటే గుడ్డు కన్నా ఎక్కువ వేడి కావాలి. గుడ్డు పై మధ్యభాగం జున్నులా కొద్దిగా వణుకుతుండగానే ఓవెన్ నుంచి తీస్తారు. మీది అలా తీస్తే పిండి ఇంకా పచ్చిగానే ఉంటుంది, జారడానికి ఎక్కువగా అదే కారణం. అంచుల చుట్టూ బుడగలు వచ్చి, మధ్యభాగం కూడా కాస్త పొంగేదాకా ఉంచండి.

నేను వాడే కొలత ఇది. 15 ఔన్సుల గుమ్మడి గుజ్జు టిన్ను ఒకటి, 14 ఔన్సుల కండెన్స్‌డ్ మిల్క్ టిన్ను ఒకటి, పావు కప్పు చల్లని పాలలో ఉండలు లేకుండా కలిపిన మూడు టేబుల్ స్పూన్ల కార్న్‌స్టార్చ్, చిటికెడు ఉప్పు, దాల్చినచెక్క పొడి రెండు టీస్పూన్లు, శొంఠి ఒక టీస్పూను, లవంగాల పొడి పావు టీస్పూను, కాస్త జాజికాయ. చక్కెర వేరుగా అక్కరలేదు. 350 డిగ్రీల ఫారెన్‌హీట్ దగ్గర దాదాపు గంట పడుతుంది. తీసిన వెంటనే కోస్తే ఎంత బాగా ఉడికినా జారుతుంది. పూర్తిగా చల్లారిన తరువాత రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంచి మరునాడు కోయాలి. అందుకే ఈ పైలను శుక్రవారం సాయంత్రానికే కాల్చి పెట్టమని అడుగుతున్నాను.

క్రస్టు మెత్తబడటానికి మందు, దాన్ని ముందుగా ఖాళీగా కాల్చడం. పచ్చి క్రస్టు మీద పార్చ్‌మెంట్ కాగితం పరిచి, అంచుల దాకా ఎండు శనగలో బొబ్బర్లో నింపి, 400 డిగ్రీల దగ్గర పావుగంట కాల్చండి. బరువు లేకపోతే అడుగు పొంగి, పక్కగోడలు జారి కిందికి దిగుతాయి. తరువాత కాగితంతో సహా శనగలు ఎత్తి తీసేసి, అడుగు పొడిబారేదాకా మరో ఐదారు నిమిషాలు ఉంచండి. ఆ శనగలు ఇక కూరకు పనికిరావు, డబ్బాలో పోసి దాచుకుంటే ఏటా ఇదే పనికి వస్తాయి. క్రస్టును ఇంట్లోనే చేసుకునే వారు రెండున్నర కప్పుల పిండికి రెండు స్టిక్కుల (ఒక కప్పు) వెన్న లెక్కన రెండు క్రస్టులు చేసుకోవచ్చు. వెన్న గట్టిగా, చల్లగా ఉండాలి. చేతి వేడికి కరిగిపోతే పొరలు రావు, బిస్కట్టులా గట్టిపడుతుంది.

గుమ్మడికాయ సంగతి. హాలోవీన్‌కు చెక్కే పెద్ద నారింజ రంగు కాయలు నీళ్లగా, పీచుగా ఉంటాయి, వాటి జోలికి పోవద్దు. టిన్నులో వచ్చే గుజ్జు ఎక్కువ భాగం ఇల్లినాయ్ రాష్ట్రంలో పండించే లేత గోధుమరంగు గుమ్మడి నుంచి వస్తుంది. మనం దప్పళంలో వేసే తియ్య గుమ్మడి కూడా ఆ జాతిదే కనుక నిస్సంకోచంగా వాడవచ్చు. అయితే ముక్కలను నీళ్లలో ఉడకబెట్టకుండా ఓవెన్‌లో కాల్చి, మెదిపి, పలుచటి గుడ్డలో వేసి నీరు కారనివ్వండి. టిన్ను కొనేవారు పేరు రెండుసార్లు చదవండి. ‘పంప్‌కిన్ పై మిక్స్’ అనేది అచ్చం అలాంటి టిన్నులోనే పక్క వరుసలో ఉంటుంది. అందులో చక్కెర, మసాలా ముందే కలిపి ఉంటాయి కాబట్టి, దానికి కండెన్స్‌డ్ మిల్క్ తోడైతే నోట పెట్టలేము.

ప్లేనో నుంచి ఒక సభ్యురాలు:

మా అత్తయ్యగారు రాజమండ్రి నుంచి వచ్చి ఉన్నారు. ఓవెన్ జోలికి తాను రానని, కానీ ఏదైనా చేసి పెడతానని అంటున్నారు. పై లోపలికి చక్కెర బదులు బెల్లం వేయకూడదా అని కూడా అడగమన్నారు.

మిఠాయిల బల్ల బాధ్యురాలు:

అత్తయ్యగారికి నా నమస్కారాలు చెప్పండి. వేడి పాలలో బెల్లం పడితే విరిగే ప్రమాదం ఉంటుందని, పరమాన్నంలో పొయ్యి దించి చల్లారాక కలుపుతామని వారికి నేను చెప్పనక్కరలేదు. పై అయితే గంటసేపు వేడిలోనే ఉంటుంది కనుక అందులో వద్దు. బెల్లానికి వేరే చోటు ఉంది. పికాన్ పైలో గుడ్డు తీసేసి నిలబెట్టడం నాకు తృప్తిగా అనిపించదు, అది గట్టి పాకంలానో జావలానో తయారవుతుంది. అందుకని గుడ్డు తినని వారి కోసం పల్లీలతో చేసినట్టే పికాన్లతో పప్పుచెక్క చేసిపెడితే బాగుంటుంది. మన టెక్సస్‌లో 1919 నుంచీ పికాన్ రాష్ట్ర వృక్షం, 2013లో పికాన్ పైని రాష్ట్ర పైగా కూడా ప్రకటించారు. కొత్త పంట కూడా ఈ నెలల్లోనే అంగళ్లకు వస్తుంది కనుక అతిథులకు ఆ గింజను మన పాకంలో చూపించినట్టూ ఉంటుంది. పికాన్లలో పల్లీల కన్నా నూనె ఎక్కువ, త్వరగా మాడుతాయి, సన్నని సెగన వేయించమని చెప్పండి. పాకం మాత్రం బాగా ముదరాలి. నీళ్లలో వేసిన చుక్క పళ్లేనికి కొడితే టంగుమనాలి, లేకుంటే సాయంత్రానికి సాగుతుంది.

ఇర్వింగ్ నుంచి ఒక సభ్యుడు:

మా అబ్బాయికి గింజలు అసలు పడవు, అరముక్క పొరపాటున నోట్లో పడినా ఆసుపత్రికి పరుగెత్తవలసిందే. పికాన్ల గురించి చదివాక రాయకుండా ఉండలేకపోయాను. పికాన్ పై మానేయమని నేను అడగడం లేదు. కానీ ఒకే కత్తితో అన్నింటినీ కోయకుండా చూడగలరా? పప్పుచెక్క పొడి కూడా చుట్టూ రాలుతుంది కదా.

మిఠాయిల బల్ల బాధ్యురాలు:

తప్పకుండా. పికాన్లు ఉన్నవన్నీ హాలు అవతలి గోడ దగ్గర వేరే బల్ల మీద, వాటి కత్తులతో, వాటి గరిటెలతో ఉంటాయి. అక్కడ ఒక పెద్దవారు పూర్తి సమయం నిలబడి, పిల్లలు ఎవరికి వారు వడ్డించుకోకుండా చూస్తారు. మీ అబ్బాయి ముక్కను మాత్రం బల్ల తెరవకముందే, కోయని పై నుంచి తీసి మూతపెట్టి ఇస్తాము. నువ్వులు పడని వారు కూడా ఉంటారు. 2023 నుంచీ ఇక్కడి చట్టం ప్యాకెట్ల మీద తప్పక చెప్పవలసిన వాటిలో నువ్వులను కూడా చేర్చింది. అరిసెలు తెస్తామన్న వారు ఈ మాట గుర్తుంచుకుని అట్టముక్క మీద రాయగలరు.

ఇప్పటిదాకా వచ్చిన పేర్లను బట్టి పంపకం ఇలా చేశాను. గుడ్డు లేని పంప్‌కిన్ ఆరు, వాటిలో రెండు ఫ్రిస్కో వారివి. గుడ్డుతో చేసినవి మూడు. యాపిల్ పైలు ఆరు, ఇవి కూడా పచ్చ అట్టవే. వీటిని చేసేవారు మెరుపు కోసం పైన గుడ్డు పూయకుండా పాలు కానీ మీగడ కానీ పూయాలి. గ్రానీ స్మిత్ లాంటి పుల్లని, గట్టి కాయలు వాడితే ముక్కలు చితికిపోవు. పైన కోసిన గాట్లలోంచి చిక్కటి రసం బుడగలు వచ్చేదాకా కాల్చాలి. పికాన్ పైలు మూడు, ప్లేనో అత్తయ్యగారి పప్పుచెక్క రెండు పళ్లేలు. క్రీము ఇంట్లో గిలకొట్టి తేవద్దు, దారిలో నీరవుతుంది. చల్లటి హెవీ క్రీము డబ్బాలు, బీటరు నేను తెస్తాను, వడ్డనకు పది నిమిషాల ముందు హాలులోనే గిలకొడదాము. క్రీము పక్కన గిన్నెలోనే ఉంటుంది, ఏ పై మీదా ముందుగా వేయము.

పైలు శనివారం ఉదయం 11 గంటలలోగా హాలుకు చేరాలి. పళ్లెం అడుగున టేపు అంటించి మీ ఇంటిపేరు రాయండి, గాజు పళ్లేలు తెచ్చేవారు మరీ తప్పకుండా. ఇక మిగిలింది చిలగడదుంప పైలు రెండు, వాటికి ఇంతవరకు ఎవరూ ముందుకు రాలేదు. అవి గుడ్డుతోనా, లేకుండానా అన్నది చేసేవారి ఇష్టమే. వచ్చే ఆదివారం రాత్రిలోగా పేరు ఇస్తే అట్టముక్కలు ఆ ప్రకారం రాయిస్తాను.