డిగ్రీ పిల్లలకు న్యూరోసైన్స్: రెస్టింగ్ పొటెన్షియల్, మేక మెదడు ప్రాక్టికల్

నాడీకణం: బీఎస్సీ జువాలజీలో నాడీవ్యవస్థ యూనిట్ మొదలెట్టాలి. రెస్టింగ్ పొటెన్షియల్ (విశ్రాంతిలో ఉన్న నాడీకణం లోపలికీ బయటికీ ఉండే వోల్టేజీ తేడా) బుర్రకెక్కేలా ఎలా చెప్పాలి, మేక మెదడు ఎలా నిలవ చేయాలి, ఇంటర్నల్‌కి ఏం ప్రశ్నలివ్వాలి?

ల్యాబ్_పెద్దాయన: ముందు మెదడు. తలకాయ కొట్టేవాడు అలవాటుగా నడిమికి చీల్చేస్తాడు, కార్పస్ కలోసం (మెదడు రెండు సగాలను కలిపే నాడీపట్టీ) అక్కడే పోతుంది. పుర్రె పైకప్పు మాత్రమే తీయమని ముందే చెప్పండి. 100 మి.లీ. ఫార్మలిన్‌కి 900 మి.లీ. నీళ్లు. గిన్నె అడుగున పడేస్తే ఒకవైపు అణిగిపోతుంది. బేసిలార్ ధమని కింద దారం దూర్చి తలకిందులుగా వేలాడదీసి రెండు వారాలు ఉంచండి. కోసే ముందు రాత్రంతా పారే నీళ్లలో.

ఎలక్ట్రోడ్: సీసాలో ఫార్మాల్డిహైడ్ 37-40 శాతమే, అంటే మీ 10 శాతం ఫార్మలిన్‌లో ఉన్నది దాదాపు 4. రికార్డుల్లో 10 అని రాయించకండి. రెస్టింగ్ పొటెన్షియల్‌దేముంది, కణపొరలోని పంపు 3 సోడియం అయాన్లు బయటికి, 2 పొటాషియం లోపలికి. అందుకే లోపల మైనస్. పది నిమిషాల పని.

గోల్డ్‌మన్_భక్తుడు: ఆ "అందుకే" దగ్గరే కొంప మునిగేది. ఊబెయిన్‌తో పంపు ఆపి చూడండి, వెంటనే కదిలేది కొద్ది మిల్లీవోల్టులే. అసలు పని పొటాషియం లీక్ చానళ్లది, అంటే పొటాషియం బయటికి కారే దారులది. లోపల 140, బయట 5 మిల్లీమోలార్ వేసి నెర్న్‌స్ట్ లెక్క (ఒక అయాన్ గాఢతల తేడా నుంచి వోల్టేజీ కట్టేది) చేయించండి: 61 × లాగ్ (5/140) = మైనస్ 88 మిల్లీవోల్టులు. మరి కొలిస్తే మైనస్ 70 ఎందుకొచ్చిందని అడిగితే, సోడియం కాస్త లోపలికి కారుతోందని వాళ్లే చెప్తారు.

ఎలక్ట్రోడ్: పంపు లేకుండా ఆ 140 ఎక్కణ్నుంచి ఊడిపడింది?

గోల్డ్‌మన్_భక్తుడు: ట్యాంకు నింపేది మోటారే. మోటారు కట్టేసిన మరుక్షణం కుళాయి ఆగుతుందా?

ఎలక్ట్రోడ్: ఇరవై ఏళ్లుగా ఇలాగే చెప్తున్నాం, పిల్లలు పాసవుతూనే ఉన్నారు సార్.

గోల్డ్‌మన్_భక్తుడు: అవుతారు. లోపలికొచ్చిన సోడియాన్ని పంపు తోడేస్తేనే రీపోలరైజేషన్ (స్పైకు తర్వాత వోల్టేజీ మళ్లీ మైనస్‌కి రావడం) అని రాసి మరీ పాసవుతారు!

బొద్దింక_కాలు: కొట్టుకోవడం ఆపి స్పైకులు (నాడీకణాల విద్యుత్ సంకేతాలు) వినిపించండి. బొద్దింకని ఐసు నీళ్లలో కదలిక ఆగేదాకా ఉంచి కాలు కత్తిరించండి. ఒక గుండుసూది కాలి మొదలైన కోక్సాలో, ఒకటి తొడ భాగమైన ఫీమర్‌లో, రెండూ యాంప్లిఫయర్‌కి. కాలి ముళ్లను పుల్లతో తాకితే టపటపమంటుంది. గుయ్యిమని ఒకటే రొద వస్తే అది 50 హెర్ట్జ్ కరెంటు. ల్యాప్‌టాప్ చార్జర్ పీకేయండి, ట్యూబ్‌లైటు ఆర్పండి.

ల్యాబ్_పెద్దాయన: 2014లో యూజీసీ జంతువుల కోతలు ఆపమన్నాక ఇంకా బొద్దింకలేంటండీ?

బొద్దింక_కాలు: మేకకి లేని అభ్యంతరం బొద్దింకకా?

ల్యాబ్_పెద్దాయన: మేక కూరకి పోయింది. మన కోసం చంపలేదు.

నాడీకణం: ఇంటర్నల్ ప్రశ్నలు అడిగాను...

ల్యాబ్_పెద్దాయన: అన్నట్టు, మనిషి మెదడు బొమ్మ పక్కన పెట్టి మేకది కోయించకండి. మనిషిలో మెదడు కాండం కిందికి దిగుతుంది, మేకలో వెనక్కి సాగుతుంది. పిల్లలు చిన్నమెదడు కోసం అడుగున వెతుకుతారు.