హోకులేఆ: ఆనంద తారా, స్వాతి నక్షత్రమా?

ప్రశ్న: హవాయి జంట పడవ ‘హోకులేఆ’ గురించి పిల్లల కోసం వ్యాసం రాస్తున్నాను. హోకు అంటే చుక్క, లేఆ అంటే ఆనందం. ‘ఆనంద తార’ అని రాయొచ్చాండీ?

జవాబు: పడవ పేరు అలాగే ఉంచండి. అర్థం చెప్పేచోట మాత్రం ‘స్వాతి నక్షత్రం’ అనండి. హవాయి వాళ్ళ హోకులేఆ, మన స్వాతి ఒకే చుక్క. ఉత్త ‘ఆనంద తార’ అంటే పిల్లలు అదేదో కల్పించిన పేరనుకుంటారు.

ఆ చుక్క పేరే ఎందుకు పెట్టారంటే, స్వాతి హవాయి ద్వీపానికి దాదాపు నడినెత్తి మీదుగా సాగుతుంది. దక్షిణాన ఉన్న తహితి దీవి నుంచి ఉత్తరంగా వచ్చే నావికుడు అది రోజురోజుకూ ఎంత ఎత్తుకు వస్తోందో గమనిస్తాడు. సరిగ్గా నెత్తి మీదికి వచ్చిందంటే ఇంటి అక్షాంశం చేరినట్టే. దీవికి తూర్పుగా ఎడం ఉంచుకునే వస్తాడు కాబట్టి, ఇక గాలివాటున పడమటికి తిప్పితే చాలు.

మనకు స్వాతి అనగానే కార్తె, ముత్యపుచిప్పలో పడే చినుకు గుర్తొస్తాయి. తలెత్తి ఆ చుక్కను చూసేవాళ్ళు తక్కువ. ఇచ్ఛాపురం, నిర్మల్ కూడా 19 డిగ్రీల అక్షాంశం దగ్గరే ఉన్నాయి. ఏప్రిల్ చివర్లో అర్ధరాత్రి వేళ అక్కడా అది నడినెత్తినే ఉంటుంది. ఈ మాట తప్పకుండా రాయండి, పిల్లలు మేడెక్కి చూస్తారు.

మావ్ పియైలుగ్ గారినీ వదలొద్దు. 1975లో పడవను నీళ్ళలోకి దింపేనాటికి, చుక్కల్ని బట్టి దూరసముద్రం దాటించే విద్య హవాయిలో మిగల్లేదు. మైక్రోనేషియాలోని సతవాల్ దీవి నుంచి ఆయన వచ్చి, 1976లో పరికరాలేవీ లేకుండా తహితికి చేర్చారు. తర్వాత హవాయి వాళ్ళకు ఆ విద్య నేర్పారు. వాళ్ళలో ఒకరైన నైనోవా థాంప్సన్ 1980లో పడవను అదే దారిలో నడిపారు.

మరొకరు: ఈ నావికులు దిక్కు తెలుసుకునే ‘స్టార్ కంపాస్’ను నక్షత్ర దిక్సూచి అనొచ్చా?

జవాబు: దిక్సూచి అంటే చేతిలో పట్టుకునే వస్తువనుకుంటారండీ. ఇక్కడ ఉన్నదంతా మనసులోనే. చుట్టూ కనిపించే ఆకాశపు అంచును 32 భాగాలు చేసుకుని, ఏ చుక్క ఎక్కడ పొడుస్తుందో, ఎక్కడ కుంకుతుందో గుర్తుపెట్టుకోవాలి. మావ్ గారి దీవుల్లో చాప మీద రాళ్ళు గుండ్రంగా పేర్చి నేర్పుతారు. హవాయిలో ఒక్కో భాగాన్ని ‘ఇల్లు’ అంటారు. అందుకే ‘చుక్కల ఇళ్ళు’ అనండి, జ్యోతిషం పుణ్యమా అని ఆ వాడుక మనకూ ఉంది.

పడవను మాత్రం ‘కట్టుమరం’ అనకండి. కెటమరాన్ అనే ఇంగ్లీషు మాటకు మూలం ఆ తమిళ పదమే గానీ, అసలు కట్టుమరం దుంగలు కట్టిన తెప్ప. హోకులేఆలో రెండు పొడవాటి పడవలను అడ్డదూలాలకు తాళ్ళతో బిగించారు. మీరు రాసిన జంట పడవే బాగుంది.

హవాయి అడవుల్లోని ‘కోఆ’ చెట్టుకు తెలుగు పేరు వెతక్కండి. తుమ్మకు చుట్టమని చెప్పండి చాలు. హవాయి వాళ్ళు పూర్వం పడవలు తొలిచింది ఆ చెట్టుతోనే. 1990ల మొదట్లో ‘హవాయిలోఆ’ అనే పడవను పాత పద్ధతిలో మానుతో చేయబోతే అంత పెద్ద కోఆ మాను అక్కడి అడవుల్లో దొరకలేదు. అలాస్కా నుంచి స్ప్రూస్ అనే చెట్టు దుంగలు తెచ్చి చేశారు. మీ వ్యాసంలో దానికీ ఒక పేరా ఇవ్వండి.