పెదనాన్న ఇచ్చిన కోల్ట్ 1908కి మళ్లీ బ్లూయింగ్ చేయించాలా, వద్దా?

చిన్నపిడి: మా పెదనాన్న నుంచి కోల్ట్ 1908 వెస్ట్ పాకెట్ అనే చిన్న పిస్టల్ నాకు వచ్చింది, .25 ఏసీపీ తూటాలది. కాగితాలన్నీ సక్రమంగానే ఉన్నాయి. స్లయిడ్ (వెనక్కీ ముందుకీ జరిగే పైభాగం) కుడివైపు బొటనవేలంత మేర ఎర్రతుప్పు పట్టింది, పిడి ముందుభాగంలో బ్లూయింగ్, అంటే ఉక్కు మీది నీలినలుపు పొర, అరిగిపోయి ఉక్కు బూడిదరంగులో కనిపిస్తోంది. రిపేరు చేసే ఆయన పాలిష్ పట్టి మళ్లీ బ్లూ చేస్తే కొత్తదానిలా ఉంటుందంటున్నారు. చేయించమంటారా?

జేబుసైజు: ముందు మ్యాగజైన్ తీసి, స్లయిడ్ వెనక్కి లాగి, ఛాంబర్ (తూటా కూర్చునే చోటు) ఖాళీగా ఉందో లేదో చూడండి. తొలినాటి వాటిలో మ్యాగజైన్ తీస్తే పేలకుండా ఆపే మ్యాగజైన్ సేఫ్టీ లేదు, 1916-17 ప్రాంతంలో పెట్టారు. మ్యాగజైన్ తీసేసినా లోపలున్న తూటా పేలుతుంది.

పాతఉక్కు: చేయించకండి. బ్లూయింగ్ అంటే రంగు వేయడం కాదు. ఉక్కు పైపొరే నల్లటి ఆక్సైడుగా మారుతుంది, అది చాలా పల్చన, గుంతల్ని పూడ్చదు. అందుకని తుప్పు తిన్న గుంతలు కనపడకూడదంటే ముందు చుట్టూ ఉన్న ఉక్కునే ఆ లోతుకి అరగదీయాలి. అప్పుడు పదునైన అంచులు గుండ్రబడతాయి, కంపెనీ పేరు, పేటెంట్ తేదీలు పల్చబడతాయి, కోల్ట్ ముద్ర అయిన గుర్రం బొమ్మ కాళ్లు మసకబారతాయి, స్క్రూ రంధ్రాల చుట్టూ సొట్టలు పడతాయి. అరిగిపోయిన ఉక్కుని మళ్లీ ఎవరూ తెచ్చి పెట్టలేరు.

మెరుగు: పాతఉక్కు గారూ, మీరు చెప్పేది పాలిష్ చక్రం మీద మోటుగా రుద్దేవాళ్ల సంగతి. గట్టి దిమ్మకి గరుకు కాగితం చుట్టి, అంచు దాకా రాకుండా చేత్తో రుద్దితే అక్షరాలు చెడవు. నేను ఎన్నో చేశాను. ఆ గుర్రం కాళ్లు మొత్తం ఉన్నాయి.

పాతఉక్కు: కాళ్లు ఉంటే సరిపోదు. అచ్చు కొట్టినప్పుడు అక్షరం పక్కన ఉక్కు కాస్త పైకి లేస్తుంది, అది వేలికి తగలాలి. మీ దిమ్మ ముందు తీసేసేది దాన్నే.

మెరుగు: వేలికి తగలడం కోసం తుప్పుని అలాగే వదిలేయాలా?

నిశ్శబ్దతీరం: మధ్యలో ఇంకో దారి ఉంది కదా. పిడి పలకలు ఊడదీసి, విప్పగలిగిన భాగాలన్నీ విప్పి, నూనె శుభ్రంగా తుడిచి, తుప్పున్న భాగాన్ని డిస్టిల్డ్ వాటర్‌లో మరిగించండి. ఎర్రతుప్పు నల్లగా మారుతుంది. మెత్తని వైర్ బ్రష్‌తో తేలిగ్గా దులిపి, ఆరబెట్టి, నూనె రాస్తే ఆ తుప్పు ఆగిపోతుంది. గుంతలు మాత్రం పోవు.

చిన్నపిడి: ఇది నచ్చింది. కానీ చూడ్డానికి అందంగా ఉండదు కదా? పెదనాన్న దాన్ని అద్దంలా ఉంచుకునేవారు.

మెరుగు: ఇదే నేను చెబుతున్నది. ఆయన చూసిన రూపం ఈయనకి కావాలి. 1908 నుంచి 1948 దాకా నాలుగు లక్షలకు పైగా తయారైన పిస్టల్ ఇది, ప్రపంచంలో ఒక్కటే ఉన్న వస్తువేమీ కాదు. సొంతదారు ఇష్టం.

పాతఉక్కు: నాలుగు లక్షల్లో ముట్టుకోనివి ఎన్ని మిగిలాయనుకుంటున్నారు? పైగా తొలినాటి కోల్ట్ బ్లూ ఎముకల బొగ్గుతో, కార్బోనియా అనే నూనెతో గ్యాస్ కొలిమిలో వేడిచేస్తే వచ్చింది. ఇప్పుడు మీరు చేసేది కాస్టిక్ ఉప్పుల వేడి ద్రావణంలో ముంచడం, దాని నలుపే వేరు. ట్రిగ్గర్, గ్రిప్ సేఫ్టీ (పిడి వెనక నొక్కుడు మీట), సేఫ్టీ లీవర్ మీద నీలం, గోధుమ కలిసిన కేస్ హార్డెనింగ్ రంగులు, అంటే ఉక్కు పైపొరని గట్టిపరిచేటప్పుడు వచ్చేవి, ఉండాలి. వాటినీ అదే తొట్టెలో ముంచితే ఆ రంగులు పోయినట్టే.

మెరుగు: వాటిని నేను ముంచను. ఎన్నిసార్లు చెప్పాలి? మీరు నా పని ఒక్కటీ చూడకుండా నన్ను పాడుచేసేవాడిగా మాట్లాడుతున్నారు. చేతులు కాయలు కాసేలా రుద్దుతాను, ఆ కష్టానికి కనీస మర్యాదైనా ఇవ్వండి.

పాతఉక్కు: మర్యాద గురించి మాట్లాడదాం. నేను ఎన్నాళ్లో డబ్బు దాచి ఒక 1908 కొన్నాను. "ఫ్యాక్టరీ బ్లూ, ఎవరూ ముట్టుకోలేదు" అని అమ్మినాయన ప్రమాణం చేసినంత పని చేశాడు. అంచులు పదునుగా ఉన్నాయి, అక్షరాలు బాగున్నాయి, అంటే మీలాంటి మంచి పనివాడే చేశాడన్నమాట. కంపెనీ పాత రికార్డులుండే కోల్ట్ ఆర్కైవ్ నుంచి ఉత్తరం తెప్పించుకుంటే అది ఫ్యాక్టరీ నుంచి వెళ్లింది నికెల్ పూతతో అని వచ్చింది. పూత ఒలిచేసి నీలం చేశారు. అమ్మినాయన తనకి తెలియదన్నాడు, బహుశా నిజమే. ఆయనకి అమ్మినవాడు చెప్పలేదు, చేయించినవాడు వాడికి చెప్పలేదు. ఎవర్ని అడగను?

జేబుసైజు: అయ్యో. పిస్టల్ కొనకముందే ఆ ఉత్తరం అడగాల్సింది కదా అనేవాళ్లుంటారు, కానీ దానికి కావాల్సిన సీరియల్ నంబర్ ఇవ్వడానికి చాలామంది అమ్మేవాళ్లు ఒప్పుకోరు.

మెరుగు: అది మోసం. దానికీ నా పనికీ సంబంధం లేదు.

పాతఉక్కు: ఉంది. మీ పని ఎంత బాగుంటే ఆ అబద్ధం అంత బాగా అతుకుతుంది. మోటుగా చేసింది చూడగానే దొరికిపోతుంది. సొంతదారు ఇష్టం అంటున్నారు కదా, ఆ సొంతదారు తర్వాత ఇంకొకడు ఉంటాడు, వాడికి ఈ చర్చ ఏదీ తెలియదు.

నిశ్శబ్దతీరం: ఇప్పటిదాకా గుర్రం కాళ్ల గురించి కొట్టుకున్నారు, అసలు బాధ ఇదన్నమాట. మెరుగు గారూ, మీరు చేసినవాటి మీద గుర్తేమైనా పెడతారా?

మెరుగు: పెట్టలేదు. ఎవరూ అడగలేదు. పిడి పలక లోపలివైపు సంవత్సరం, పని వివరం రాయమంటే రాస్తాను, అందులో నాకు అభ్యంతరం లేదు.

పాతఉక్కు: పలకలు మార్చేస్తే? ఆ పిస్టల్‌కి పలకలు మార్చడం ఒక్క స్క్రూ పని. గుర్తు ఫ్రేమ్ మీదే, పలక కింద ఉండాలి.

మెరుగు: పాత ఉక్కుని ముట్టుకోవద్దని ఇంతసేపు వాదించి, ఇప్పుడు ఫ్రేమ్ మీద ముద్ర కొట్టమంటారా? నేను కొట్టను.

పాతఉక్కు: ఒకసారి పాలిష్ పట్టాక అది ముట్టుకోని ఉక్కు కాదు. పలక కింద చిన్న అక్షరంతో దానికి జరిగే నష్టమేంటో చెప్పండి.

చిన్నపిడి: నేను మరిగించే పద్ధతే చేస్తున్నాను. అరిగిన చోటు పెదనాన్న చెయ్యి పట్టిన చోటే, దాన్ని అలాగే ఉంచుతాను. మెరుగు గారూ, మరిగించేటప్పుడు స్ప్రింగులు కూడా తీసేయాలా?

మెరుగు: తీసేయండి. స్లయిడ్ ఒక్కటే మరిగించండి, ఫ్రేమ్‌కి నూనె చాలు. బయటికి తీశాక వేడిగా ఉండగానే తుడిచి నూనె పట్టించండి, ఆలస్యమైతే కొత్త తుప్పు మొదలవుతుంది. పాతఉక్కు గారూ, ముద్ర సంగతి మీరు ఎంతసేపు అడిగినా నా జవాబు మారదు.

పాతఉక్కు: అయితే ఇకమీద మీ చేతి పని ఏది అమ్మకానికి వచ్చినా కొనేవాళ్లకి నేనే చెబుతాను.