అప్‌డేట్: పాత ఇంట్లో రెండు రెక్కల తలుపు బిగించేసినాం

పోయిన నెల ఈ తలుపు గురించి ఇక్కడ అడిగింది నేనే. చిత్తూరు గ్రీమ్స్‌పేటలో మా తాత కట్టించిన ఇల్లు. హాలుకీ నడింటికీ మధ్య 5 అడుగుల ఖాళీ, మట్టి గోడ ఒరిగింది, దర్వాజాను (తలుపు చట్రాన్ని) ఒరిగిన గోడకు సరిపెట్టాలా, తూకం గుండుకా (నిలువు చూసే దారం గుండు) అని. గుండుకే పెట్టమన్నారు చాలామంది. వాళ్లకు దండం పెట్టాలి.

గుండు వేలాడదీస్తే ఎడమ పక్క గోడ పైనుంచి కిందికి ముప్పావు అంగుళం తేడా. నేలా అరంగుళం వాలు. వడ్రంగి ఆచారి ఎత్తు పక్కన మట్టం తీసుకుని, పల్లమున్న కమ్మీ (చట్రం నిలువు చెక్క) కింద చెక్క పెట్టినాడు. మట్టి గోడలో స్క్రూలు పట్టవు కాబట్టి హోల్డ్‌ఫాస్ట్‌లు (చట్రాన్ని గోడకు పట్టి ఉంచే ఇనుప పట్టీలు) ఆఖరున సిమెంటులో పాతినాం. పైన పాత దూలాన్ని ముట్టుకోలేదు.

అసలు పనితనం దారాలది. దర్వాజా మూలల నుంచి ఐమూలగా రెండు దారాలు కట్టినాడు. మధ్యలో అవి తాకీ తాకనట్టుండాలంట. మావి వేలు మందం ఎడంగా ఉన్నాయి! కుడి కమ్మీ పక్కకు సరిగ్గానే ఉంది గానీ, గోడతోపాటు ముందుకు వాలింది. అట్లే వదిలుంటే రెక్కలు కలిసేచోట ఒకటి ముందుకు, ఒకటి వెనక్కి నిలబడేవి. సిమెంటు పోయకముందే ఇది చూసుకోండి, తర్వాత పగలగొట్టాల్సిందే.

కార్తీక వానలకు చెక్క ఉబ్బుతుందని రెక్కల మధ్య రెండు రూపాయి బిళ్లల మందం సందు వదిలినాం. గోడ వంకర కనపడకుండా చుట్టూ టేకు పట్టీ. వార్నిష్ ఇంకా వేయాల.

మా అవ్వ ఒక్క వేలితో తోస్తోంది. రెక్క వదిలినచోటే నిలబడుతోంది.